శేఖర్ లేచాక చెప్పే మాట

అర్జీ రాయడంలో నన్ను మించినవాడు పుప్పాలగూడ మొత్తంలో లేడు. ఇది గొప్పకి చెప్పడం లేదు. ప్రభుత్వాఫీసులో జీవితమంతా ఇతరులు రాసిన దిక్కుమాలిన అర్జీలు చదివి చదివి నాకు అబ్బిన విద్య ఇది. రిటైరయ్యాక మా అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కి కార్యదర్శినయ్యాను. మంజీరా నీళ్లు రాకపోయినా, వీధిదీపం వెలగకపోయినా, పక్క బిల్డింగువాళ్లు మట్టి తెచ్చి మా గోడ పక్కన పోసినా, అర్జీ నా చేతి మీదుగానే వెళ్లేది. 'రామ్మోహనరావుగారు రాశారంటే ఇక తిరుగులేదు' అనేవారు. 'అయితే పని జరిగిందా' అని మా ఆవిడ బాలాత్రిపురసుందరి ప్రతిసారీ అడిగేది. పని జరగడం వేరు, అర్జీ బాగుండటం వేరు. ఈ ముక్క ఆవిడకి ఇన్నేళ్లుగా ఎక్కలేదు.

రెండు వేల పదకొండు జూలైలో ఒక ఉదయం మా వాచ్‌మన్ ఐలయ్య, అతని భార్య సాయమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఐలయ్య ఎప్పటిలాగే ఏమీ మాట్లాడలేదు. మాట్లాడే పని ఆ ఇంట్లో సాయమ్మదే.

"సారూ, ఒక కాగితం రాసియ్యాలె."

"ఎవరికి?"

"మా ఎమ్మెల్యేకు."

"ఏమని?"

"నా కొడుకును సంపొద్దని."

చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

వాళ్ల కొడుకు శేఖర్ సంగతి చెప్పాలి. ఒక్కగానొక్క కొడుకు. ఐటీ కంపెనీకి క్యాబ్ నడిపేవాడు. ఉద్యమం మనిషి. బండి నంబరు ప్లేటు మీద ఏపీ గీకేయించి టీజీ అని రాయించుకున్నాడు. "ఒరేయ్, చలానా రాస్తారు" అంటే, "రాయనియ్యి సార్, రేపు తెలంగాణ వచ్చినంక గా పోలీసే నాకు సెల్యూట్ కొడతడు" అనేవాడు. మాది రాజమండ్రి దగ్గర కాబట్టి నన్ను లిఫ్టు దగ్గర ఆపి మరీ ఏడిపించేవాడు. "రాష్ట్రం వచ్చినంక మీరు యాడికి పోతరు సార్?" "ఎక్కడికీ పోను. నీ నెత్తిమీదే కూర్చుంటా పోరా" అనేవాణ్ణి. ప్రత్యేక రాష్ట్రం అంటే నాకు ఒళ్లు మంట. వాడంటే ఇష్టం. ఆ రెండూ ఒకే లిఫ్టులో ఇమిడిపోయేవి.

ఉగాది వెళ్లిన కొన్నాళ్లకి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇసుక లారీ ఒకటి వాడి బండిని వెనకనుంచి గుద్దింది. మాదాపూర్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చారు. ఖర్చు కంపెనీ పెట్టుకుంది. దెబ్బ తలకి తగిలింది. గొంతుకి చిల్లి పెట్టి గొట్టం వేశారు. ఊపిరి యంత్రమే పీల్చేది, యంత్రమే వదిలేది. డాక్టర్లు మొదట చూద్దామన్నారు, తర్వాత చూస్తున్నామన్నారు, ఆ తర్వాత మాట్లాడటమే తగ్గించారు. చివరికి శేఖర్ భార్య మమతను లోపలికి పిలిచి, ఇక లేవడమ్మా అని చెప్పేశారు.

మమత సైబర్ టవర్స్ దగ్గర ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసేది. ఆ ఏడాది మార్చిలోనే ఢిల్లీలో పెద్దకోర్టు ఒక తీర్పు చెప్పింది. ఇలా మళ్లీ లేవకుండా పడి ఉన్నవాళ్లకి యంత్రాలు ఆపమని దగ్గరివాళ్లు అడగవచ్చు, హైకోర్టు ఒప్పుకుంటే ఆపవచ్చు అని. ఆ ఆఫీసులో ఎవరో అమ్మాయి మమతకి ఈ సంగతి చెప్పి, వకీలును చూపించింది. మమత హైకోర్టుకి వెళ్లింది. కోర్టు శేఖర్ తల్లిదండ్రులకి నోటీసు పంపింది, ప్రభుత్వాన్ని కూడా మీరేమంటారో చెప్పమంది. ఆ నోటీసులోని ఇంగ్లీషు విప్పి చెప్పింది నేనే. చెప్పిన కాసేపటికే వాళ్లుండే సెల్లారులో అత్తాకోడళ్లకి గొడవ మొదలైంది.

"మొగని ఊపిరి ఆపుమని కోర్టుకు పోయినవానే నువ్వు?"

"అత్తమ్మా, ఆయన వీపంత పుండ్లైనయ్. మీరు పోతరు, మొఖం చూసి వస్తరు. నేను రోజు వీపు చూస్త."

"చిన్నా అంటే రెప్ప కదిలిస్తుండు నా కొడుకు."

"నేను పిలిచినా కదుల్తది. లైటేసినా కదుల్తది. ఆయన కాదత్తమ్మా అది."

సాయమ్మ ఆ మాట వినలేదు. ఏ తల్లి వింటుంది? మమత బట్టలు సర్దుకుని హఫీజ్‌పేటలో వాళ్ల అక్క ఇంటికి వెళ్లిపోయింది. రోజూ అక్కణ్ణించే ఆసుపత్రికి వచ్చేది.

ఇక సాయమ్మ లెక్క. సర్కారు వద్దంటే కోర్టు వద్దంటుంది. సర్కారుకి చెప్పేది మంత్రి. మంత్రికి చెప్పేది ఎమ్మెల్యే. ఎమ్మెల్యేకి ఓటేసింది తను. ఆలోచిస్తే ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. మన రాజ్యాంగం కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది.

చిక్కల్లా ఒక్కటే. ఆ ఎమ్మెల్యే చేత రాజీనామా చేయించింది కూడా సాయమ్మే.

మా చుట్టుపక్కల ఇళ్లు కట్టేవాళ్లు, కాపలా కాసేవాళ్లు చాలామంది ఒకే మండలం నుంచి వచ్చినవాళ్లు. ఓట్లు ఊళ్లోనే ఉన్నాయి. ఊరి ఎమ్మెల్యే మాత్రం మాదాపూర్‌లో మేడ కట్టుకుని ఉంటాడు. ఆ జూలై మొదట్లో తెలంగాణ ఎమ్మెల్యేలంతా రాజీనామాలు ఇస్తుంటే ఈయన ఫోన్ ఆపేసి ఇంట్లో దాక్కున్నాడు. దాంతో ఆడవాళ్లు బియ్యం, పప్పు, గిన్నెలు ఎత్తుకుని వెళ్లి ఆయన గేటు ముందు వంటావార్పు పెట్టారు. అప్పట్లో ఊరూరా ఇదే పద్ధతి. నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వండుకుని, అక్కడే తిని, దారి వదలకుండా కూర్చోవడం. గరిటె పట్టింది సాయమ్మ.

నాకు మండుకొచ్చింది. "కొడుకు ఆసుపత్రిలో ఉంటే నీకిదేం పనే?" అని కసిరాను.

"వానికోసమే సారూ. వాడు లేసినంక, వచ్చింది బిడ్డా తెలంగాణ అని నేనే చెప్పాలె. గా మాట చెవుల పడితే వాడు లేస్తడు."

మర్నాటికి ఎమ్మెల్యే బయటికొచ్చి, టీవీవాళ్ల ముందు రాజీనామా మీద సంతకం చేశాడు. సాయమ్మ మసి చేతులతోనే ఆసుపత్రికి పరిగెత్తి, కొడుకు చెవిలో ఆ సంగతి చెప్పింది. రెప్ప కదిలిందట.

ఇప్పుడు ఆ మనిషికే అర్జీ. రాశాను. మనసు పెట్టి రాశాను. 'ఒక తల్లి గర్భశోకమును నివారింపగల శక్తి తమ సంతకమునకు గలదు' అన్న వాక్యం దగ్గర మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఆవిడ నా అర్జీకి ఏడవడం అదే మొదలు.

ముగ్గురం ఆటోలో మాదాపూర్ వెళ్లాం. గేటు ముందు రోడ్డు మీద పొయ్యిల మసి ఇంకా పోలేదు. ఎమ్మెల్యే సాయమ్మను చూడగానే గుర్తుపట్టాడు.

"నువ్వే గదమ్మా నా గేటు ముంగట పొయ్యి పెట్టింది. నీ పప్పు వాసనకు మా ఇంట్ల ఎవ్వరూ అన్నం ముట్టలే" అన్నాడు నవ్వుతూ. అర్జీ చదివాడు. నవ్వు తగ్గింది. "గోస పడుతున్నవమ్మా. కాదనను. కని ఇప్పుడు నేనెవ్వణ్ణి? రాజీనామా ఇచ్చినోణ్ణి. కాగితం స్పీకర్ దగ్గరున్నది. ఎమ్మెల్యే అని సంతకం పెడితే, దొంగ రాజీనామా ఇచ్చిండని మీరే నా మీద చెప్పులేస్తరు."

"మేమెయ్యం సారూ" అంది సాయమ్మ.

"నువ్వెయ్యవు. ఊరేస్తది."

లేచి లోపలికి వెళ్లిపోయాడు. మేం మెట్లు దిగుతుంటే ఆయన పీఏ వెనకాలే వచ్చాడు. గొంతు తగ్గించి, నాకే కాకుండా సాయమ్మకి కూడా వినపడేలా చెప్పాడు.

"అన్న తనంతట తను రాజీనామా వాపస్ తీసుకుంటే మర్యాదుండదు. ప్రజలే అడిగితే వేరే ముచ్చట. గప్పుడు గేటు ముంగట కూసున్న ఆడోళ్లే, వాపస్ తీసుకొమ్మని వేలిముద్రలేసి కాగితం ఇస్తే అన్న కాదంటడా? మళ్ల ఎమ్మెల్యే అయితడు. పిలగాని కాగితం మీద గా దినమే సంతకం."

నేను సాయమ్మ మొహం చూశాను. ఆమె ఐలయ్య మొహం చూసింది. ఐలయ్య రోడ్డు మీది మసిని చూస్తున్నాడు. ఆటో ఎక్కాం. గచ్చిబౌలి దాటాక సాయమ్మ అంది.

"రాయి సారూ."

"ఆలోచించుకో సాయమ్మా. నీ కొడుకు దేనికోసం తిరిగాడో నీకు తెలుసు."

"వాడుంటే గద సారూ తిరిగేది. ముందుగాల వాడుండాలె."

ఇంటికొచ్చి కూర్చుని రాశాను. కలం పరిగెత్తింది. 'తొందరపాటున మేము కోరిన రాజీనామాను తాము ఉపసంహరించుకొని' అని జోరుగా సాగుతుంటే మా ఆవిడ భుజం మీదినుంచి తొంగిచూసింది.

"ఏవండీ, ఇది సాయమ్మ కోసం రాస్తున్నారా, మన కోసం రాస్తున్నారా?"

నీకెందుకు అనబోయాను. కలానికి క్యాప్ పెట్టి, ఫ్యాను వేసుకుని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే మిగతాది రాసిచ్చాను. ఆ కాగితం పట్టుకుని సాయమ్మ, ఊరి ఆడవాళ్లుండే బస్తీలోకి బయల్దేరితే, చదివి చెప్పడానికి నేనూ వెళ్లాను. ముందు రుక్కమ్మ దగ్గరికి. పక్క సైటులో ఇటుకలు మోస్తుంది. వంటావార్పు రోజున సాయమ్మ పక్కన కట్టెలు ఎగదోసింది ఆమే. ఆమె పెద్దకొడుకు ఉద్యమంలోనే పోయాడు. ఎలా పోయాడో ఆమె ఎదుట ఎవరూ ఎత్తరు. నేను చదువుతుంటే ఆమె నెత్తిమీది చుట్టబట్ట తీసి మొహం తుడుచుకుంది. చదవడం అయ్యాక ఆ బట్టని మళ్లీ చుట్ట చుట్టింది. తిడుతుందనే అనుకున్నాను. నాలుగు తిడితే బాగుండేది.

"నావాడు పోయిండు" అంది చివరికి. "నీవాడు ఇంకా ఊపిరి తీస్తుండు గదనే. నేనైతే గింతకన్న ఎక్కువే చేద్దును. ఇటు తే."

సిరా డబ్బాలో వేలు ముంచి కాగితం మీద నొక్కింది. రుక్కమ్మ వేసిందని తెలిశాక మిగతావాళ్లంతా వేశారు. ఒక్కరూ సాయమ్మ కళ్లలోకి చూడలేదు. ఐలయ్య మాత్రం వెయ్యలేదు. "ఆడోళ్ల కాగితం గద సార్, నాదెందుకు" అన్నాడు. అది అబద్ధమని అతనికీ తెలుసు, సాయమ్మకీ తెలుసు.

మేం వెళ్లేసరికి ఎమ్మెల్యే ఇంటి ముందు కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి. ఆయన ఖద్దరు చొక్కా వేసుకుని, సాయమ్మను పక్కన నిలబెట్టుకుని, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. నా అర్జీ అక్షరం పొల్లుపోకుండా చదివాడు. తర్వాత మైకు దగ్గరికి వంగి, "ఏ తల్లులైతే పొయ్యి పెట్టి నన్ను రాజీనామా చెయ్యమన్నరో, గా తల్లులే ఇయ్యాల వాపస్ తీసుకొమ్మంటున్నరు. ప్రజల మాట నాకు శిరోధార్యం" అన్నాడు. సాయమ్మను కూడా ఏమైనా చెప్పమన్నారు.

"గా కాగితంల ఉన్నదే" అంది సాయమ్మ.

కెమెరాలు వెళ్లిపోయాయి. అప్పుడు సాయమ్మ కొంగులోంచి కొడుకు అర్జీ తీసి రెండు చేతులతో ఇచ్చింది. ఆయన దాన్ని మళ్లీ చదివాడు, మొదటిసారి చూస్తున్నట్టు.

"అమ్మా, ఇది కోర్టుల ఉన్న కేసు గద. మొన్నయితే ఏదో మామూలు మనిషిని. ఇయ్యాల ఎమ్మెల్యేను. కోర్టు పనిల ఎమ్మెల్యే వేలు పెడితే కోర్టు ధిక్కారం అయితది. నా పదవికే మోసం."

ఆగలేకపోయాను. "మొన్న ఎమ్మెల్యేని కాదు కాబట్టి కుదరదన్నారు. ఇవాళ ఎమ్మెల్యేని కాబట్టి కుదరదంటున్నారు. మీరు ఏ పూట పనికొస్తారో చెప్పండి, ఆ పూటే వస్తాం."

పీఏ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "జర నిమ్మళం ఆంధ్రా సార్. మీకు గావాల్సింది మీకయ్యింది గద. ఇగ పోండ్రి."

మోచెయ్యి విడిపించుకున్నాను. ఆ దరిద్రుడు అన్నది మా ఆవిడ అప్పటికే అడిగింది. సాయమ్మ అర్జీని మడిచి మళ్లీ కొంగులో కట్టుకుంది. ఎమ్మెల్యే కాళ్లు పట్టుకుంటుందేమోనని భయపడ్డాను. పట్టుకోలేదు. "దవాఖానకు పోదాం" అంది.

ఆసుపత్రి అక్కడికి దగ్గరే, నడిచే వెళ్లాం. బయట కూర్చునే హాల్లో టీవీ ఉంది. అందులో సాయమ్మ ఉంది. భుజం మీద ఆయన చెయ్యి, కింద పరిగెత్తే అక్షరాల్లో 'ప్రజల ఒత్తిడితో రాజీనామా వెనక్కి'. 'గా కాగితంల ఉన్నదే' అన్న ముక్క మళ్లీ మళ్లీ వేస్తున్నారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లు టీవీని చూసి, ఆమెను చూసి, పక్కకి తిరిగారు. శేఖర్ తోటి క్యాబ్ డ్రైవర్లు ఇద్దరు రోజూ ఆ పూట వచ్చి కూర్చునేవారు. వాళ్లు లేచి, మమ్మల్ని దాటుకుని బయటికి వెళ్లిపోయారు. ఐలయ్య వాళ్ల వెనకాల రెండడుగులు వేసి ఆగిపోయాడు.

లోపలికి ఒక్కరినే పంపుతారు. ఆ రోజు నర్సు నన్ను కూడా ఆపలేదు, టీవీ ఆమె కూడా చూసినట్టుంది. మంచం దగ్గర మమత ఉంది. వీపు తుడవడానికి శేఖర్‌ను గోడవైపు తిప్పి పడుకోబెట్టింది. అత్తను చూసి, టీవీ సంగతి తెలిసినా ఎత్తకుండా, "ఇటు దిక్కు రాండ్రి అత్తమ్మా, మొఖం ఇటున్నది" అంది.

సాయమ్మ కదల్లేదు.

"ఈడనే ఉంట. మొఖం చూడలేను."

అలా ఉండిపోయినందువల్ల వీపు ఆమెకి ఎదురుగా వచ్చింది. ఇన్ని నెలల్లో ఆమె అటువైపు నిలబడటం అదే మొదటిసారి. నేను ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాను. నడుము దగ్గర ఎముక కనిపిస్తోంది. సాయమ్మ తల తిప్పుకోలేదు. యంత్రం ఊపిరి లోపలికి తోసినప్పుడల్లా ఆ వీపు కొంచెం లేచేది, మళ్లీ దిగేది.

మమత నెమ్మదిగా, "ఒక్కసారి పిలువుండ్రి. చిన్నా అనుండ్రి. మీరొస్తే పిలుస్తరు గద" అంది.

"వద్దు. లేస్తడేమో."

మమత చేతిలో తడిబట్ట ఆగింది.

"లేస్తే ఏమని చెప్పాలెనే వానికి?" అంది సాయమ్మ. గొంతు పైకి లేవలేదు, ఏడుపూ లేదు. "తెలంగాణ వచ్చిందని చెప్దామనుకున్న. మీ అమ్మనే పోయి ఆపొచ్చిందని చెప్పాల్నా? గా టీవీల జూస్తడు గద."

ముందుకొచ్చి, మమత చేతిలో బట్ట తీసుకుని, నీళ్లు పిండి, కొడుకు వీపు తుడవడం మొదలుపెట్టింది. పుండ్ల చుట్టూ ఎలా తుడవాలో ఆమెకి తెలియదు. మమత ఆమె చెయ్యి పట్టుకుని చూపించింది.

బట్ట బకెట్లో వేసి సాయమ్మ నావైపు తిరిగింది.

"సారూ, కోర్టుకొక కాగితం రాసియ్యి. నేను అడ్డం రానని."

హాల్లో ఆ టీవీ కిందే కూర్చుని రాశాను. గర్భశోకం లేదు, శిరోధార్యం లేదు. 'నా కొడుకు శేఖర్‌కు పెట్టిన యంత్రం ఆపడానికి నాకు అభ్యంతరం లేదు' అని ఒక్క వాక్యం. చదివి వినిపిస్తే, బాగుంది సారూ అంది. సిరా డబ్బా అడగలేదు. పొద్దున బస్తీలో ఆమె వేలికి అంటిన సిరా తడిబట్ట పిండినప్పుడు మళ్లీ తడిసింది, దాన్నే నొక్కింది. మసకగా పడింది కానీ పడింది. దాని పక్కన ఈసారి ఐలయ్య కూడా సిరా డబ్బాలో ముంచి వేలు పెట్టాడు.

తెలంగాణ కోసం కోర్టులు బహిష్కరించిన వకీళ్లు తిరిగి వచ్చాక కేసు విచారణకొచ్చింది. ఆ కాగితం చూపించారు, డాక్టర్లు చెప్పారు, ప్రభుత్వం తరఫున ఎవరూ ఏమీ అనలేదు, కోర్టు ఒప్పుకుంది. పని జరిగింది.

మా ఆవిడ ఈసారి అడగలేదు.